టేపులో వన్స్ మోర్ మాత్రమే ఉంది

దయ్యాలు, గాలి సోకడం, చేతబడి లాంటి మాటలు నా దగ్గర ఎవరైనా ఎత్తితే నాకు భయం వేయదు, చిరాకు వేస్తుంది. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. కూడలిలో దిష్టి తీసి పగలగొట్టిన గుమ్మడికాయ కనబడితే మా కాలనీ వాళ్ళంతా చుట్టూ తిరిగి వెళ్తారు. నేను దాని మీదుగానే స్కూటీ పోనిస్తాను. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళని ఇన్నాళ్ళూ వెక్కిరించాను. ఇప్పుడు నేనే రాస్తున్నాను కాబట్టి మీరూ వెక్కిరించుకోవచ్చు, నేనేమీ అనుకోను.

ముందే చెబుతున్నాను, ఇందులో దయ్యం లేదు. చీకటి కూడా లేదు. ఎండ ఉండగానే, కొల్లేటి గట్టు మీద, ఒక ఊరు ఊరంతా విన్న గొంతు ఒకటి ఉంది. అది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

మా నాన్నగారు పెంటపాడు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అది జీతం కోసం. ఆయన అసలు బతికింది స్టేజీ మీద. పద్యనాటకాల్లో రాజు వేషాలకి ఆయన పెట్టింది పేరు. తణుకు నుంచి కైకలూరు దాకా ఏ తిరునాళ్ళకయినా ఆయన్ని పిలిచేవారు. పద్యం చివర రాగం తీసేటప్పుడు ఆయనకొక పద్ధతి ఉండేది. రాగాన్ని పైకి తీసుకెళ్ళి, ఇక దిగుతుందనుకున్న చోట ఊపిరి తెగినట్టు చటుక్కున ఆపేసేవారు. జనం అయ్యో అనుకునేలోగా సరిగ్గా అక్కడే మళ్ళీ అందుకునేవారు. ఆ విరుపు ఇంకెవరికీ పట్టుబడలేదు. ప్రయత్నించిన వాళ్ళు దగ్గు తెచ్చుకున్నారు.

పద్యనాటకం ఎన్నడూ చూడని వాళ్ళ కోసం ఒక మాట. పద్యం నచ్చితే మన జనం చప్పట్లు కొట్టి ఊరుకోరు, "వన్స్ మోర్" అని కేకలు పెడతారు. రాజు కత్తిపోటు తిని చచ్చిపోతూ పాడినా సరే, వన్స్ మోర్ పడిందంటే లేచి నిలబడి మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. కొందరు నటులు ఓపిక లేక దండం పెట్టి తప్పించుకుంటారు. నాన్నగారు మాత్రం వన్స్ మోర్ పడ్డాక పాడకుండా లోపలికి వెళ్ళిన రోజు లేదు. "అడిగించుకునే అదృష్టం అందరికీ ఉంటుందేంటే" అనేవారు. ఆయన తెల్లారి ఇంటికొస్తే అమ్మ, "ఆ వన్స్ మోర్ అన్నవాళ్ళింట్లోనే కాఫీ కూడా తాగి రాకపోయారా" అని దెప్పేది.

రిటైరైన కొన్నాళ్ళకే ఆయనకి పక్షవాతం వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో చాలా రోజులున్నాం. నడక కొంత వచ్చింది, కుడిచెయ్యి కొంత కదిలింది, మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా ఆయనకి అర్థమయ్యేది. బదులు చెప్పబోతే గొంతులోంచి "ఆ... ఆ" అని మూలుగు వచ్చేది. "రోజూ మాట్లాడించండి. ప్రయత్నం చేస్తే కొంతయినా తిరిగి రావచ్చు. మానేస్తే మాత్రం రాదండి" అన్నారు డాక్టరుగారు.

నాన్నగారు మానేశారు. మొదట్లో కొన్నాళ్ళు పొద్దున్నే పెరట్లో కూర్చుని ప్రయత్నించారు. తన మూలుగు తన చెవిన పడి ఆయనకే అసహ్యం వేసిందేమో, ఆ తర్వాత నోరు తెరవడమే ఆపేశారు. రేడియోలో నాటకం వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవారు. పాత ట్రూపు వాళ్ళు చూడడానికి వస్తే నెత్తి మీదికి దుప్పటి లాక్కునేవారు. తిండి తగ్గిపోయింది. అంత మనిషీ మంచంలో సగమైపోయారు.

మళ్ళీ ఏలూరు తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "ఇప్పుడు జబ్బు కంటే ఆయన విరక్తే ప్రమాదమండీ" అన్నారు. ఆయనకి బతకాలనిపించాలి. అది మందుల షాపులో దొరికేది కాదు కదా. అమ్మా నేనూ బస్సులో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇంటికొచ్చాం.

అలాంటప్పుడు దేవసహాయం గారు మా ఇంటికొచ్చారు. చిన్నప్పుడు నాన్నగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్న మనిషి. గూడెంలో ఫోటో స్టూడియో ఉంది, పెళ్ళి వీడియోలు తీస్తారు. పాత మిషను చర్చి కుటుంబం వాళ్ళది. రెండువేల మూడో నాలుగో సంవత్సరం అది. క్రిస్మస్‌కి ముందు సీడీ షాపుల్లో బైబిలు కథల సినిమాలు బాగా పోయేవి. తనూ ఒకటి తీసి తీరాలని ఆయన కంకణం కట్టుకున్నారు.

హేరోదు రాజు పరిపాలించిన కాలంలో యూదయ దేశపు కథ. బైబిలు కథ అని పేరే గానీ అందులో దేవసహాయం గారి సొంత కవిత్వం బోలెడు. రాజు పంపిన గూఢచారి ఒకడు, వాడితో కత్తియుద్ధం, ఒక విరహగీతం. స్క్రిప్టు విని వాళ్ళ పాస్టరుగారు, "ఇది ఏ సువార్తలో ఉందండీ" అని అడిగారట. "మధ్యలో ఖాళీలున్నాయి కదండీ, అవి నేను పూరించానండి" అన్నారట ఈయన.

నాన్నగారికి ఆయన అనుకున్న వేషం జెకర్యా. కథ తెలియని వాళ్ళకి చెబుతాను. జెకర్యా ముసలి యాజకుడు, అంటే మన పూజారి లాంటివాడు. గుడిలో ధూపం వేస్తుంటే దేవదూత కనబడి నీకు కొడుకు పుడతాడంటే, ఈ వయసులోనా అని నమ్మడు. నమ్మనందుకు ఆయన మాట పోతుంది. బిడ్డ పుట్టేదాకా మూగగానే ఉంటాడు. పేరు పెట్టే రోజున చుట్టాలంతా తండ్రి పేరే పెట్టాలంటే, పలక తెప్పించుకుని యోహాను అని రాస్తాడు. రాయగానే పోయిన మాట తిరిగి వస్తుంది.

ఆ వేషం మాట వినేసరికి నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి, "మాట పోయిన మనిషి చేత మాట పోయిన వేషం వేయిస్తారా? ఊరందరికీ చూపించడానికా?" అని అడిగేశాను.

ఆయన తల వంచుకుని, "తప్పుగా అనుకోకండి టీచర్ గారూ. మాస్టారి కళ్ళు చాలండి నాకు. ఆ కళ్ళు ఇంకెవరికున్నాయండీ? చివర్లో ఒక్క మాట ఉంటదండి. అది ఏలూరులో వేరేవాళ్ళ చేత డబ్బింగు చెప్పించుకుంటాను" అన్నారు.

లోపల మంచం కిర్రుమంది. వెళ్ళి చూస్తే నాన్నగారు లేచి కూర్చుని ఉన్నారు. ఎడమచేత్తో తన గుండె మీద తట్టుకుని, ఆ చెయ్యి దేవసహాయం గారి వైపు చాచారు. ఆయన ఏదైనా కావాలని అడిగి నెలలైపోయింది. "ఆయ్ మాస్టారూ, మీరేనండి" అంటూ దేవసహాయం గారు కళ్ళు తుడుచుకున్నారు.

అమ్మ ఇక నన్ను నోరెత్తనివ్వలేదు. "నువ్వు ఊరుకో. వేషం అనేసరికి లేచి కూచున్నారు. అది చాలు నాకు" అంది.

షూటింగు వేసవి సెలవుల్లో పెట్టారు. కైకలూరు దాటాక కొల్లేట్లో ఒక లంక గ్రామం. యూదయ దేశం కొండల దేశమట. మా వైపు కొండలెక్కడివి? చేపల చెరువు గట్టే మా కొండ. కింద కెమెరా పెట్టి పైకి చూపిస్తే కొండలాగే ఉంటుందని దేవసహాయం గారి ధీమా. గట్టు మీద తాటాకు పాక వేయించి అదే జెకర్యా ఇల్లన్నారు. హేరోదు రాజు కిరీటం నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణం నుంచి వచ్చింది. దాన్ని అంతకు ముందు నాన్నగారి తల మీద ఎన్నిసార్లు చూశానో.

మొదటి రోజు అమ్మ అలవాటు కొద్దీ నాన్నగారి నుదుట విభూతి పెట్టి పంపింది. యూదుల యాజకుడికి విభూతి ఎలా కుదురుతుంది? మేకప్ చేసేవాడు తుడవలేక కాసేపు తటపటాయించి, "సెలవిస్తారా మాస్టారూ" అని అడిగి తుడిచాడు. పసి యోహానుగా ఆ ఊరి బిడ్డనే పెట్టారు. వాడి నాయనమ్మ రోజూ బుగ్గన దిష్టిచుక్క పెట్టేది. దేవసహాయం గారు తుడిపించడం, షాటు మధ్యలో చూస్తే చుక్క మళ్ళీ ఉండడం. "ఇంతమంది చూత్తన్నారు కదండీ, బిడ్డకి తగలదా?" అనేది ఆవిడ. ఆవిడ వాళ్ళ చర్చిలో ఆదివారం ప్రార్థన నడిపించే మనిషి.

జెకర్యా భార్య ఎలీసబెతుగా వేసింది సువార్తమ్మ గారు, ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు. ఆవిడ కబుర్లకి నాన్నగారు నవ్వడం చూశాను. మధ్యాహ్నం పెరుగన్నం రెండోసారి పెట్టించుకున్నారు. అమ్మ చాటుకెళ్ళి ఏడ్చింది. ఇంకేమీ జరగకపోయినా దేవసహాయం గారికి రుణపడి ఉండేదాన్ని.

చివరి రోజు పేరు పెట్టే సీను పెట్టుకున్నారు. సాయంత్రం, ఎండ వాలే వేళ. నా చేతికి ఒక పెద్ద థర్మాకోల్ షీటు ఇచ్చి, వెలుతురు నాన్నగారి మొహం మీద పడేలా పట్టుకోమన్నారు. ఫిజిక్స్ టీచరుకి తగిన పనే. చెయ్యి చాస్తే ఆయన భుజం అందేంత దగ్గరగా నిలబడ్డాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను దూరం నుంచి విన్నదాన్ని కాదని మీకు తెలియాలి.

మధ్యాహ్నం నుంచి ఊళ్ళో కరెంటు లేదు. కెమెరా బ్యాటరీ మీద నడుస్తోంది. చర్చి మైకు మూగదై ఉంది. ఏ ఇంట్లోనూ టీవీ మోగడం లేదు, పాట లేదు. ఊరంతా వచ్చి గట్టు వాలులో కూర్చుంది. వాళ్ళలో సగం మంది నాన్నగారి నాటకాలు చూసినవాళ్ళే. నోరు మెదపకూడదని దేవసహాయం గారు ఒకటికి పదిసార్లు చెప్పారు. మాస్టారు పెదాలు కదుపుతారనీ, మాట తర్వాత వేరేవాళ్ళు చెబుతారనీ కూడా చెప్పారు.

చుట్టాల వేషం వేసినవాళ్ళు పేరు గురించి వాదులాడారు. నాన్నగారు పలక కోసం సైగ చేశారు. దగ్గర నుంచి చూపించడానికి ముందే రాసి పెట్టిన పలక ఇంకొకటి ఉంది. ఆయన దాన్ని పక్కకి నెట్టేసి ఖాళీ పలక తీసుకున్నారు. ఎడమచేత్తో బలపం పట్టుకుని, వంకర టింకరగా, యోహాను అని రాశారు. జబ్బు చేశాక ఆయన అక్షరం రాయడం అదే మొదలు. పలక ఎత్తి అందరికీ చూపించారు. తర్వాత తలెత్తి నోరు తెరిచారు.

గొంతు వినబడింది.

"ఈ బిడ్డ పేరు యోహాను." స్క్రిప్టులో ఉన్నది ఆ ముక్కే, మామూలు మాటలా చెప్పాల్సింది. కానీ అది పద్యంలా వచ్చింది. చివరి పేరు మీద మోహన రాగం అందుకుని పైకి వెళ్ళింది. అది మా నాన్నగారి గొంతు. రిటైరయ్యేనాటి గొంతు కాదు, నా చిన్నప్పుడు మైకు పాడైపోయినా చివరి వరుసకి వినబడిన గొంతు. ఇక దిగుతుందనుకున్న చోట చటుక్కున ఆగింది. సరిగ్గా అక్కడే మళ్ళీ అందుకుంది.

అది ముగిసిందే తడవు, గట్టు మీద నుంచి కేకలు లేచాయి. "వన్స్ మోర్! వన్స్ మోర్!" ఈలలు, చప్పట్లు. షూటింగని, నోరు మెదపకూడదని, చూస్తున్నది యూదయ దేశమని ఎవరికీ గుర్తు లేదు. రాగం బాగుంటే ఆ ఊళ్ళవాళ్ళ నోట ఆ మాట దానంతటదే వస్తుంది. దేవసహాయం గారు కట్ చెప్పలేదు. అమ్మ కుర్చీలోంచి లేచి, "ఏవండీ" అంటూ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

నేను షీటు పారేసి నాన్నగారి భుజాలు పట్టుకున్నాను. "ఇంకోసారి అనండి నాన్నగారూ, ఒక్కసారి" అన్నాను. ఆయన నోరు తెరిచారు. "ఆ... ఆ" అని మూలుగు వచ్చింది. అంతే. కళ్ళ నిండా నీళ్ళు. ఆయన నా వైపు చూడడం లేదు. అరుస్తున్న జనం వైపు చూస్తున్నారు.

కాసేపటికి నా బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. పరీక్షలో పిల్లల్ని వేరువేరుగా కూర్చోబెట్టినట్టు, ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి ఏం విన్నారో అడిగాను. మాటలు అందరూ ఒకేలా చెప్పారు. రాగం మధ్యలో ఆగి మళ్ళీ అందుకున్న సంగతి కూడా చెప్పారు. తేడా వచ్చింది ఒక్కచోట, గొంతు ఎటు నుంచి వచ్చిందన్న దగ్గర. గట్టు మీద వాళ్ళకి పాకలోంచి వచ్చిందట. బిడ్డనెత్తుకుని నాన్నగారి పక్కనే కూర్చున్న సువార్తమ్మ గారు వేరేగా చెప్పారు.

"విన్నానండి, అబద్ధమెందుకు. కానీ మాస్టారి దగ్గర నుంచి రాలేదండి. నా వీపు వెనకాల నుంచి వచ్చింది. నీళ్ళ మీద నుంచి" అన్నారు.

ఆవిడ వీపు వెనకాల కొల్లేరు. గుర్రపుడెక్క, దాని మీద కొంగలు. పడవ కూడా దగ్గర్లో లేదు.

సాయంత్రం పూట నీటి మీద గాలి చల్లగా, పైన గాలి వేడిగా ఉంటే శబ్దం వంగి చాలా దూరం నుంచి వినబడుతుంది. నేనే పాఠం చెబుతాను. అవతలి లంకలో ఎవరో నాన్నగారి పాత క్యాసెట్ పెట్టారేమో అనుకున్నాను. కానీ నాన్నగారు యోహాను అన్న పేరు ఏ నాటకంలోనూ ఎన్నడూ పాడలేదు. ఆ వాక్యం రాసింది దేవసహాయం గారు, అదీ ఆ ఎండాకాలంలోనే. ఎవరైనా మిమిక్రీ చేశారా? ఆ విరుపు చేయగలిగినవాడు ఉంటే, వాడు ఏ కొల్లేటి గట్టు మీదో దాక్కోవలసిన అవసరం లేదు, ఊరూరా నాటకాలాడుకునేవాడు. అందరం ఆశపడి భ్రమపడ్డామా? ఆశపడడానికి, గొంతు వస్తుందని ఎవరూ అనుకోనే లేదు.

సరే, టేపు ఉంది కదా అనుకున్నాను. మర్నాడు గూడెంలో స్టూడియో తలుపులు వేసుకుని టీవీలో వేశాం. దేవసహాయం గారూ నేనూ ఇద్దరమే.

బలపం కిర్రుమన్న చప్పుడు ఉంది. బిడ్డ ఏడుపు ఉంది. కొంగల అరుపులున్నాయి. ఎక్కడో దూరాన పడవ ఇంజను చప్పుడు కూడా సన్నగా ఉంది. నాన్నగారు పలక ఎత్తారు, తలెత్తారు, నోరు తెరిచారు. పెదాలు అదిరాయి. ఏమీ లేదు. కొంగలు అరుస్తూనే ఉన్నాయి. ఆయన నోరు మూసుకున్నారు. కొంచెం సేపు మళ్ళీ ఏమీ లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా ఊరంతా "వన్స్ మోర్" అని అరిచింది. ఈలలు. అమ్మ పిలిచిన "ఏవండీ."

అడగని ప్రశ్నకి జవాబు రాసిన పేపరులా ఉంది ఆ టేపు. పాట లేదు, పాట విన్నవాళ్ళ కేకలున్నాయి.

దేవసహాయం గారు టేపు ఆపేశారు. "టీచర్ గారూ, నేను చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నానండి. కెమెరా మైకులో పడిందే నాకు వినబడుతుందండి. నాకు అందులోనే వినబడింది" అన్నారు. మైకులో పడకుండా హెడ్‌ఫోన్స్‌లోకి రాదు. మైకులో పడితే టేపులో ఉండి తీరాలి. ఆయన టేపు మిషను హెడ్‌లు శుభ్రం చేసి, వేరే మిషను తెచ్చి, మళ్ళీ మళ్ళీ వేశారు. ప్రతిసారీ అంతే.

టేపు నాన్నగారికి చూపించవద్దని గట్టిగా చెప్పాను. గొంతు రాని తన నోరు తనే చూసుకుంటే ఉన్న కాస్త ప్రాణమూ పోతుందని నా భయం. అమ్మ వినలేదు. "ఆయన వేసిన వేషం ఆయన చూసుకోవద్దా?" అంది. దేవసహాయం గారి చేత ఇంటికే తెప్పించింది.

నాన్నగారు రెప్ప వేయకుండా చూశారు. తన మొహం వచ్చినప్పుడు ఆయనలో ఏ చలనమూ లేదు. జనం కేకలు రాగానే చెయ్యెత్తి, వెనక్కి తిప్పమన్నారు. మళ్ళీ వేశారు. మళ్ళీ తిప్పమన్నారు. ఎన్నిసార్లు వేయించుకున్నారో లెక్క లేదు. ప్రతిసారీ ఆ కేకలు వచ్చే ముందు కళ్ళు మూసుకుని తల ఓరగా పెట్టి వినేవారు.

మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి మూలుగు వినబడితే కంగారుగా పరిగెత్తాను. నాన్నగారు బట్టలుతికే రాయి మీద కూర్చుని, డాక్టరుగారు నేర్పిన పద్ధతిలో నోరు సాగదీసి "ఆ" అంటున్నారు. ఆపి, ఊపిరి పీల్చి, మళ్ళీ అంటున్నారు. పక్కింటి వాళ్ళు గోడ మీద నుంచి చూస్తున్నా పట్టించుకోలేదు.

అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి, ఇందులో వింతేముందన్నట్టు, "వన్స్ మోర్ అన్నారు కదే. పాడకుండా ఎలా ఊరుకుంటారు?" అంది.

వర్షాకాలమంతా ఆయన ఆ రాయి మీదే ఉన్నారు. వాన పడితే వసారాలో. "ఆ" లోంచి "అమ్" వచ్చింది, "నీ...ళ్ళు" వచ్చింది. ఒక్కో మాటకీ చెమటలు కక్కేవారు. తిండి సరిపోయేది కాదు, అడిగి తినేవారు. దసరా సెలవుల్లో ఒకరోజు వసారాలోంచి "అన్న...పూ...ర్ణా" అని వినబడింది. అది అమ్మ పేరు. ఆయన ఎప్పుడూ అమ్మని "ఇదిగో" అని తప్ప పిలిచింది లేదు. అమ్మ వంటింట్లో గోడకి ఆనుకుని, "పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి పలకలేదు. పలకడం రానప్పుడు పలికారు చూడు" అంటూ నవ్వుతూ ఏడ్చింది.

క్రిస్మస్ దగ్గర పడ్డాక ఏలూరులో డబ్బింగు పెట్టారు. జెకర్యా మాటకి వేరే ఆయన్ని మాట్లాడి ఉంచారు. నాన్నగారు తనే చెబుతానని పట్టుబట్టారు. అద్దాల గదిలో ఆయన, బయట మేము. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. చివరికి, "ఈ... బిడ్డ... పే...రు... యోహాను" అని వచ్చింది. నాలుక మందంగా, ముద్దగా. రాగం లేదు, విరుపు లేదు. బయట ఉన్న రికార్డింగు అబ్బాయి మొహం చిట్లించి, ఇది బాగుండదు, వేరే ఆయన్ని పిలుద్దామన్నాడు.

దేవసహాయం గారు కసురుకున్నారు. "నెల్ల తరబడి మూగగా ఉన్నోడికి మాటొస్తే ఇలాగే వస్తాదయ్యా. లేచి రాగం తీస్తాడా?" అని, దాన్నే ఉంచేశారు.

సినిమా పెద్దగా ఆడలేదు. గూఢచారి కత్తియుద్ధం ఎవరికీ నచ్చలేదు, విరహగీతం పాస్టరుగారికి నచ్చలేదు. జెకర్యాకి మాట వచ్చిన చోట మాత్రం చర్చిల్లో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకునేవారని దేవసహాయం గారు చెప్పేవారు. నేనూ చూశాను, నిజమే.

ఇక చెప్పవలసింది ఆ డబ్బింగు రోజు తిరుగు ప్రయాణం. ఏలూరులో పాసింజరు ఎక్కాం. నాన్నగారు కిటికీ దగ్గర, అమ్మ పక్కన, నేను ఎదురుగా. భీమడోలు దాటింది. కోతలైన పొలాల మీద ఎండ బాగుంది. నన్ను నెలలుగా తొలుస్తున్న ప్రశ్న అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. అంతకు ముందు అడిగితే ఆయన తల ఊపీ ఊపనట్టు ఊరుకునేవారు.

"నాన్నగారూ, ఆ రోజు గట్టు మీద మీరే పాడారు కదా?" అన్నాను.

ఆయన చాలాసేపు నా మొహం చూశారు. మాట కూడదీసుకుంటున్నారని అర్థమై నేను తొందరపెట్టలేదు.

"నేను... కాదమ్మా" అన్నారు. "నేనూ... విన్నాను."

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "మరి ఎవరండీ?" అని అడిగింది. ఆయన తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆయన మొహంలో భయం లేదు. చిన్నగా నవ్వారు. మా నాన్నగారు తన ఈడు నటుల్లో ఒక్కరిని మెచ్చుకోగా నేను వినలేదు, అంత అహం ఆయనకి. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎవరో గానీ బాగా పాడాడు" అన్నారు.

ఆ మాట ఎక్కడా తడబడలేదు. జబ్బు చేశాక ఆయన నోట ఆగకుండా వచ్చిన మొదటి వాక్యం అదే. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన మాత్రం గూడెం వచ్చేదాకా స్టేషన్ల పేర్లు చదువుతూ కూర్చున్నారు, ఒక్కొక్కటీ పైకి.

నాన్నగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉన్నారు. పూర్తిగా కాకపోయినా మాట వచ్చింది, నాతో దెబ్బలాడడానికి సరిపోయేంత. నాకు తెలిసిన ఫిజిక్సంతా ఆ సాయంత్రం చుట్టూ తిప్పి చూశాను, ఎక్కడా కుదరలేదు. ఆ పాడినవాడు ఎవరో నాకు తెలియదు. ఎవరైనా కానివ్వండి, గోడ వైపు తిరిగి పడుకున్న మా నాన్నని లేపి మాకిచ్చి వెళ్ళాడు. నమ్మకం లేనిదాన్నే. అయినా అతనికి నా దండం.